చక్రం మారితే ఫోర్క్ ఏం కావాలి? – జాన్ కెంప్ స్టార్లీ కథ

రెండు సమానమైన చక్రాలు, మధ్యలో పెడల్స్, వెనక చక్రానికి చైన్, ముందుకి వాలిన ఫోర్క్. సైకిల్ అంటే ఇంతే కదా అనిపిస్తుంది, ఏదో మొదటి నుంచీ అలాగే ఉన్నట్టు. కానీ ఈ ఆకారానికి పుట్టిన ఊరు ఉంది, పుట్టిన సంవత్సరం ఉంది. తన మొదటి మోడల్‌తో తృప్తిపడకుండా మళ్లీ మొదలుపెట్టిన మనిషి ఒకడున్నాడు. ఆయనే జాన్ కెంప్ స్టార్లీ.

1854 డిసెంబర్ 24న లండన్ పక్కనున్న వాల్తమ్‌స్టోలో పుట్టాడు. తండ్రి తోటమాలి. 1872లో కోవెంట్రీ వెళ్లి, తండ్రికి సోదరుడైన జేమ్స్ స్టార్లీ దగ్గర పనిలో చేరాడు. ఈ జేమ్స్ మామూలు మనిషి కాదు. కుట్టుమిషన్ల నుంచి సైకిళ్ల వైపు వచ్చి, బ్రిటిష్ సైకిల్ పరిశ్రమకి తండ్రి అనిపించుకున్నాడు. ఆయన తయారుచేసిన ఏరియల్ బండి అప్పట్లో పెద్ద పేరు. కుర్రాడు అక్కడే పని నేర్చుకుని, 1870ల చివర్లో విలియం సట్టన్ అనే సైకిల్ పిచ్చి ఉన్న స్నేహితుడితో కలిసి సొంత కంపెనీ పెట్టాడు.

అప్పటి సైకిల్ ఎలా ఉండేదో మనందరం ఫొటోల్లో చూసిందే. ముందు మనిషి ఛాతీ ఎత్తు చక్రం, వెనక బుల్లి చక్రం. అదేం ఫ్యాషన్ కాదు, శుద్ధమైన లెక్క. పెడల్స్ నేరుగా ముందు చక్రానికే ఉండేవి కాబట్టి, కాలు ఒక చుట్టు తిప్పితే చక్రం కూడా ఒక్క చుట్టే తిరుగుతుంది. 60 అంగుళాల చక్రమైతే దాదాపు 4.8 మీటర్లు వెళ్తాం. ఇంకా స్పీడు కావాలా? ఇంకా పెద్ద చక్రం కావాలి. కానీ మన కాళ్ల పొడవుకి ఒక హద్దుంది కదా. పైగా అంత ఎత్తున కూర్చుంటే, చిన్న రాయి తగిలినా ముందుకి బోర్లా పడటమే. అందుకే అది ఎక్కువగా ధైర్యమున్న కుర్రాళ్ల బండిగానే మిగిలింది. పొడుగు గౌన్లు వేసుకునే ఆడవాళ్లకీ, వయసు మళ్లినవాళ్లకీ మూడు చక్రాల బండే గతి.

స్టార్లీ ఈ ముడిని చైన్‌తో విప్పాడు. పెడల్స్‌ని మధ్యలోకి తెచ్చి, వెనక చక్రానికి చైన్ కలిపాడు. పెద్ద పళ్లచక్రం, చిన్న పళ్లచక్రం నిష్పత్తి 2:1 పెడితే చాలు, 30 అంగుళాల చక్రమే 60 అంగుళాల చక్రం చేసే పని చేసేస్తుంది. చైన్‌తో వెనక చక్రాన్ని తిప్పాలన్న ఆలోచన అంతకుముందే కొందరికి వచ్చింది. దాన్ని జనం కొనే బండిగా మార్చింది మాత్రం ఈయనే. 1885లో రోవర్ పేరుతో దాన్ని లండన్ ప్రదర్శనలో పెట్టాడు.

అసలు కథ ఇక్కడే ఉంది. ఆ మొదటి రోవర్‌కి ముందు చక్రం 36 అంగుళాలు, వెనకది అంతకన్నా చిన్నది. ముందు చక్రం తగ్గింది గానీ స్టీరింగ్ ఇంకా కుదరలేదు. ఫోర్క్ దాదాపు నిటారుగా ఉండేది. హ్యాండిల్ ఎక్కడో వెనక ఉండేది, రెండింటినీ కడ్డీలతో కలిపారు. మలుపు తిప్పాలంటే చేతి బలం కడ్డీల గుండా వెళ్లాలి. స్టార్లీ దాన్ని అక్కడితో వదిలేయలేదు. తర్వాతి మోడల్‌లో కడ్డీలు తీసేసి, ఫోర్క్‌ని ఏటవాలుగా పెట్టాడు. హ్యాండిల్ నేరుగా ఫోర్క్ మీదికే వచ్చింది, చక్రాలు దాదాపు సమానమయ్యాయి. మన సైకిల్ పుట్టింది అప్పుడు.

ఏటవాలు ఫోర్క్‌లో గొప్పేంటి? స్టీరింగ్ గొట్టం గుండా ఒక గీత కిందికి గీయండి. అది నేలని తాకే చోటు, చక్రం నేలని తాకే చోటుకి కాస్త ముందుంటుంది. ఆ దూరమే ట్రయిల్. సూపర్ మార్కెట్ ట్రాలీ చక్రం దానంతట అదే తిన్నగా సర్దుకోవడానికి కారణం కూడా ఇదే. ట్రయిల్ మరీ తక్కువైతే బండి కంగారు పడుతుంది, మరీ ఎక్కువైతే మొండికేస్తుంది.

నేటికీ లెక్క అదే. పాత రోడ్ బైక్‌కి 700సీ చక్రాలు తీసి 650బీ వేద్దామనుకునే వాళ్లు మన క్యాంపస్‌లోనూ ఉన్నారు. రిమ్‌పై టైరు కూర్చునే వ్యాసం 622 నుంచి 584 మిల్లీమీటర్లకి, అంటే వ్యాసార్ధంలో 19 మిల్లీమీటర్లు తగ్గుతుంది. 25 మిల్లీమీటర్ల టైరు బదులు 42 వేస్తే మొత్తం వ్యాసార్ధం 336 నుంచి 334కి, దాదాపు మళ్లీ మొదటికే వస్తుంది. కానీ ఆ లావు టైరు పాత ఫోర్క్‌లో పట్టాలి, రిమ్ బ్రేక్ 19 మిల్లీమీటర్లు కిందికి అందాలి. అవి కుదరకపోతే కొత్త ఫోర్క్ తప్పదు. దాన్ని రంగు చూసి కొనకండి. స్టీరర్ గొట్టం 1 అంగుళమా, 1.125 అంగుళాలా? ఇరుసు నుంచి పైకప్పు దాకా పొడవు పాతదానితో సరిపోతోందా? ముందుకి వంపు ఎంత? పొడవు 20 మిల్లీమీటర్లు తగ్గితే బండి ముందుకి వాలి, స్టీరింగ్ కోణం దాదాపు 1 డిగ్రీ నిటారవుతుంది, ట్రయిల్ తగ్గుతుంది. చక్రం మార్చడమంటే ఫోర్క్ గురించి కూడా ఆలోచించడమే. ఇది స్టార్లీ 1885లోనే చేసి చూపించిన పని.

1885 సెప్టెంబర్‌లో జార్జ్ స్మిత్ అనే రైడర్ రోవర్ మీద 100 మైళ్లు 7 గంటల 5 నిమిషాల్లో తొక్కి రికార్డు కొట్టాడు. చిన్న చక్రం నెమ్మదన్న వాదన దాంతో మూతపడింది. ఇక మిగిలింది కుదుపు. చిన్న చక్రాలు గతుకుల్లో ఎక్కువ అదురుతాయి. ఆ బాధని 1888లో డన్‌లప్ గాలి టైరు తీర్చింది. అదే ఏడాది స్టార్లీ కరెంటుతో నడిచే మూడు చక్రాల బండిని కూడా ప్రయత్నించాడు. 1898లో లండన్‌లో సైకిల్ పరిణామం గురించి ఉపన్యాసం ఇస్తూ, తాను మొదట చూసింది యంత్రాన్ని కాదని, తొక్కే మనిషికి నేల, పెడల్స్, హ్యాండిల్ ఎంత దూరంలో ఉండాలన్నదేనని వివరించాడు.

1901 అక్టోబర్ 29న హఠాత్తుగా చనిపోయాడు. వయసు 46. రోవర్ కంపెనీ కార్లు చేయడం మొదలుపెట్టింది 1904లో, అది ఆయన చూడలేదు. ఆ రోవర్ పేరు ఇప్పుడు టాటా వాళ్ల జాగ్వార్ ల్యాండ్ రోవర్ చేతిలో ఉంది. పోలండ్‌లో అయితే సైకిల్‌ని నేటికీ రోవర్ అనే పిలుస్తారు. ఆయన పెట్టిన బ్రాండ్ పేరే అక్కడ సైకిల్‌కి మామూలు మాటైపోయింది.