సర్ ఆల్బర్ట్ హోవర్డ్

చిలకలూరిపేట పరిసరములందలి నల్లరేగడి చేలలో పత్తితీత ముగిసిన పిమ్మట చేనినిండ పత్తికట్టె నిలిచియుండును. కొంత పొయ్యిలోనికి పోవును; కొంత చేనిలోనే దగ్ధమగును. ఆ మంటతో దానియందలి నత్రజని గాలిపాలగును. ఇట్టి పత్తికట్టెనే మేలైన ఎరువుగా మార్చి చూపినవాడు ఆల్బర్ట్ హోవర్డ్.

ఆయన 1873వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన ఇంగ్లండునందు ష్రాప్‌షైరులో ఒక రైతు కుటుంబమున జన్మించెను. కేంబ్రిడ్జిలో చదివి, వెస్టిండీసు దీవులలో పైరుల తెగుళ్లను పరిశోధించెను. తెగుళ్లను గూర్చి వ్రాయుటయేగాని, స్వయముగా పండించి చూచుటకు నేల లేకపోవుట ఆయనకు వెలితిగా తోచెను. 1905లో బీహారునందలి పూసా పరిశోధనాలయమునకు వచ్చినప్పుడు ఆ కొఱత తీరెను. 75 ఎకరముల భూమి లభించెను. చుట్టుపట్ల రైతులు మందులు లేకయే ఆరోగ్యమైన పైరులు పండించుట చూచి, వారినే గురువులుగా భావించెను. దొరతనపు ఉద్యోగి పల్లెరైతు కడ పాఠము నేర్చుకొనుట ఆ దినములలో సామాన్యవిషయము కాదు. భార్య గాబ్రియేల్ కూడ వృక్షశాస్త్రమున ప్రవీణురాలు. పరిశోధనలలో ఆయనకు సమభాగిని.

1924లో మధ్యభారతమునందలి ఇండోరులో నూతన పరిశోధనాలయ మేర్పడగా హోవర్డు దానికి అధిపతి యయ్యెను. అచ్చటి నేలయు నల్లరేగడియే, పైరును పత్తియే. పత్తికట్టె గట్టిది, త్వరగా క్రుళ్లదు. హోవర్డు దానిని బండ్లబాటపై పఱపించెను. చక్రముల క్రింద నలిగిన కట్టెను పశువుల క్రింద పఱచి, పిదప పేడ, మూత్రముతో తడిసిన మన్ను, బూడిదలతో గుంటలలో పొరలుగా పేర్పించెను. నీరు చల్లించి, అప్పుడప్పుడు తిరుగవేయించెను. గాలి తగులగా సూక్ష్మజీవులు విజృంభించి కుప్ప వేడెక్కును. కట్టెలో కర్బనము హెచ్చు, నత్రజని తక్కువ. పచ్చికట్టెనే దున్నినచో సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే హరించి పైరును పస్తుంచును. అందుచే కర్బనము 33 పాళ్లకు నత్రజని ఒక పాలుండునట్లు మొదటనే కలుపవలెను. మూడు నెలలకు అది ఇంచుమించు 10కి ఒకటిగా మారి నల్లని ఎరువగును. రసాయన శాస్త్రజ్ఞుడగు యశ్వంత్ వాడ్ తోడ్పాటుతో ఈ ఇండోరు పద్ధతిని 1931లో గ్రంథముగా ప్రకటించెను. 1934లో ఆయనకు సర్ బిరుదము లభించెను.

హోవర్డు దృష్టిలో రైతులను మించిన గురువు అడవి. అడవికి ఎవ్వరును ఎరువు వేయరు; రాలిన ఆకు క్రుళ్లి మరల వేళ్లకు చేరును. అయితే మానవుడు చెట్లను నఱికి, కలపతోపాటు బెరడును, ఆకును, కొమ్మలను తరలించి, అదే నేలలో మరల నాటినచో ఆ చక్రము తెగును. ప్రకాశము మెట్టలలోని జామాయిలు, సుబాబుల్ తోటలకును ఇది వర్తించును.

ఇంగ్లండునందలి వేర్‌హామ్ బీటిలో అటవీశాఖవారి పైన్ మొక్కలు ఎదుగక గిడసబారెను. 1930 తరువాతి సంవత్సరములలో రేనర్ అను శాస్త్రజ్ఞురాలు ఆ నేలకు కంపోస్టు చేర్చి చూచెను. వేళ్లనంటి జీవించు శిలీంధ్రములు వృద్ధినొంది, మొక్కలు ఏపుగా పెరిగెను. ఇది తన సిద్ధాంతమునకు విజయమని హోవర్డు తలచి, రసాయనపు ఎరువులను 1940నాటి గ్రంథమున తీవ్రముగా నిరసించెను. ఇచ్చట ఆయన ఆవేశము సాక్ష్యమును మించినదని చెప్పక తప్పదు. తరువాత అటవీ నారుమళ్లలో జరిగిన పరీక్షలలో భాస్వరాది పోషకములు తగినంత అందినచో, రసాయనపు ఎరువులతోను పలుచోట్ల అంతే మేలైన నారు పెరిగెను. అయినను నేలకు గుల్లదనమును, తేమను నిలుపు శక్తిని ఒసగుటలో కంపోస్టుదే పైచేయి.

హోవర్డు 1947 అక్టోబరు 20వ తేదీన మరణించెను. అప్పటికి ఇండోరు పద్ధతి తేయాకు, కాఫీ తోటలలో సైతము ఆచరణలోనికి వచ్చియుండెను.