ఫైలుకు యజమానిని నియమించిన డెనిస్ రిచీ

2011 అక్టోబర్ 12న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, బర్కిలీ హైట్స్‌లోని తన ఇంట్లో డెనిస్ రిచీ మరణించి కనిపించారు. ఆయన ఒంటరిగా జీవించేవారు. వారం రోజుల ముందు స్టీవ్ జాబ్స్ మరణవార్త ప్రపంచ పత్రికలన్నింటినీ నింపివేసింది. రిచీ మరణం మాత్రం కంప్యూటర్ రంగం వెలుపల అంతగా వినిపించలేదు.

రిచీ 1941 సెప్టెంబర్ 9న న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో జన్మించారు. తండ్రి ఆలిస్టర్ రిచీ బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం, అనువర్తిత గణితం చదివిన కుమారుడు 1967లో అదే సంస్థలో చేరారు. పరిశోధన గ్రంథాన్ని పూర్తిచేసి కూడా, పట్టా కోసం మిగిలిన లాంఛనాలను ఆయన పట్టించుకోలేదు.

మల్టిక్స్ అనే భారీ పథకం నుంచి బెల్ ల్యాబ్స్ 1969లో వైదొలగింది. ఆ తరువాత సహచరుడు కెన్ థాంప్సన్ ఒక చిన్న యంత్రంపై యూనిక్స్‌కు శ్రీకారం చుట్టగా, రిచీ తొలినాళ్లలోనే అందులో భాగస్వామి అయ్యారు. అది ఒకే యంత్రాన్ని అనేకులు పంచుకునే కాలం. ఎవరి ఫైలు ఎవరిది, దానిని ఎవరు చదవవచ్చు, ఎవరు మార్చవచ్చు అన్న ప్రశ్న అనివార్యమైంది. 1971 నాటి తొలి యూనిక్స్ కరదీపికలో ఇందుకు సమాధానం ఎంతో క్లుప్తంగా ఉంది. ప్రతి ఫైలుకూ ఒక యజమాని. అనుమతులు యజమానికి వేరు, ఇతరులకు వేరు. నేడు అందరికీ పరిచితమైన ‘బృందం’ అనే మధ్య అంచె తరువాత వచ్చి చేరింది.

అయితే ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. పాస్‌వర్డ్‌ల ఫైలు ‘రూట్’ అనే సర్వాధికారి ఖాతాకు చెందుతుంది. దానిని మార్చే హక్కు ఇతరులకు లేదు. మరి సామాన్య వినియోగదారు తన పాస్‌వర్డ్‌ను మార్చుకునేదెలా? ఫైలును అందరికీ తెరిస్తే భద్రత పోతుంది, మూసివేస్తే ప్రతివారూ నిర్వాహకుడిని ఆశ్రయించాలి. రిచీ కనిపెట్టిన పరిష్కారం ఒక్క బిట్. ఆ బిట్ ఉన్న ప్రోగ్రామ్‌ను ఎవరు నడిపినా, అది నడిపినవారి హక్కులతో కాక ప్రోగ్రామ్ యజమాని హక్కులతో పనిచేస్తుంది. అధికారం మనిషికి గాక, పనికి మాత్రమే, అదీ పని ముగిసేవరకే అరువుగా దక్కుతుంది. 1973లో దరఖాస్తు చేసిన ఈ ఆవిష్కరణకు 1979లో రిచీ పేరిట పేటెంట్ లభించింది. అనంతరం దానిని ప్రజాపరం చేశారు.

ఈ అరువు అధికారానికి మూల్యం కూడా ఉంది. అటువంటి ప్రోగ్రామ్‌లో ఒక లోపం ఉంటే చాలు, దానిని నడిపినవాడు సర్వాధికారి కాగలడు. దశాబ్దాలపాటు చొరబాటుదారులు వెతికిన ద్వారాలలో ఇదొకటి. యూనిక్స్‌ను భద్రతే ప్రధానంగా నిర్మించలేదని రిచీ స్వయంగా ఒక చిన్న వ్యాసంలో అంగీకరించారు. సృష్టికర్తలలో ఇంతటి నిజాయితీ అరుదు.

1973లో యూనిక్స్ అంతర్భాగాన్ని ఆయన రూపొందించిన సీ భాషలోకి తిరగరాశారు. దాంతో అది యంత్రం నుంచి యంత్రానికి ప్రయాణించగలిగింది; ప్రయాణంలో శాఖలుగా చీలింది. అనుమతుల నియమాలూ చీలాయి. సిస్టమ్ ఫైవ్ శాఖలో యజమాని తన ఫైలును మరొకరికి ధారాదత్తం చేయవచ్చు. కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో పెరిగిన శాఖలో ఆ హక్కు రూట్‌కే పరిమితం. కారణం లేకపోలేదు: డిస్కులో ఒక్కొక్కరికి ఇంత చోటని కొలిచి ఇచ్చినప్పుడు, తన ఫైళ్లను పొరుగువారి పేరిట వ్రాసి తప్పించుకునే వీలుంటుంది. కొత్త ఫైలు ఏ బృందానికి చెందాలన్న విషయంలోనూ ఈ రెండు శాఖలకు పొత్తు కుదరలేదు. దీనికి తోడు, ఫైలుపై నమోదయ్యేది యజమాని పేరు కాదు, సంఖ్య. ఒక యంత్రంలోని డిస్కును మరో యంత్రానికి తగిలిస్తే, అదే సంఖ్య గల అపరిచితుడు ఆ ఫైళ్లకు యజమానిగా కనిపిస్తాడు. నేటికీ నిర్వాహకులను తికమకపెట్టే సంగతి ఇది.

థాంప్సన్‌తో కలిసి రిచీ 1983లో ట్యూరింగ్ పురస్కారాన్ని, 2011లో జపాన్ ప్రైజ్‌ను అందుకున్నారు. 2007లో ఉద్యోగ విరమణ చేశారు.

ఆయన మరణించిన రెండేళ్లకు, 2013లో, ఆండ్రాయిడ్ 4.3 ఆ అరువు అధికారపు ప్రోగ్రామ్‌లను తన వ్యవస్థ నుంచి తొలగించి, హక్కులను ఇంకా చిన్న ముక్కలుగా పంచే పద్ధతిని స్వీకరించింది. యజమాని సంఖ్య మాత్రం పోలేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వ్యవస్థాపించిన ప్రతి యాప్‌నూ ఒక ప్రత్యేక వినియోగదారుగా లెక్కించి, దానికొక సంఖ్యను కేటాయిస్తారు. ఒక యాప్ తన సొంత గదిలో దాచుకున్న ఫైళ్లను మరొక యాప్ తెరవలేకపోవడానికి మొదటి అడ్డు ఆ సంఖ్యే.