తుపాకి మరయు టిప్పు సుల్తానును

పరదేశమునుండి ఆయుధమును కొని తెచ్చుకొన్న ప్రభువు సగము బలవంతుడు మాత్రమే. అది చెడిననాడు బాగుచేయు చేయి తన ఇంట లేనిచో ఆ సగము బలమును నిష్ఫలమగును. పదునెనిమిదవ శతాబ్దమున ఈ సత్యమును గుర్తెరిగిన దక్షిణాపథ ప్రభువులలో మైసూరు టిప్పు సుల్తాను అగ్రగణ్యుడు. హిందూపురము, పెనుగొండ, ధర్మవరము సీమలు ఆ తండ్రికొడుకుల ఏలుబడిని చవిచూచినవే. కావున ఆతని చరితమును మన ఇంటి చరితముగనే మేము తలచుచున్నాము.

హిందూపురమునకు దక్షిణముననున్న దేవనహళ్లిలో 1750లో టిప్పు జన్మించెను. తల్లి ఫక్రున్నిసా కడప కోటను పాలించిన అధికారి కుమార్తె. తండ్రి హైదరాలీ అక్షరములు నేర్వకున్నను ఆయుధముల మర్మము నెరిగినవాడు. 1755 ప్రాంతమున దిండిగల్లులోనే ఫ్రెంచి పనివారిని చేర్చుకొని ఆయుధశాలను నెలకొల్పెను. కొడుకు ఆ సుత్తెల చప్పుడు నడుమనే పెరిగెను.

ఆనాటి మన పల్లెలలోని తుపాకి జామగి తుపాకి. మండుచున్న త్రాటిని రంజకమునకు తగిలించినగాని అది పేలదు. వాన కురిసిన త్రాడు ఆరును. చీకటిలో దాని నిప్పు శత్రువునకు గురియగును. ఐరోపావారి చెకుముకి తుపాకి ఈ చిక్కును తీర్చెను. మీట నొక్కగానే లోని కమాను విడివడి, చెకుముకి రాతిని పట్టిన కొక్కెము ఉక్కురేకును కొట్టును. రాలిన నిప్పురవ్వలు గిన్నెలోని రంజకమును అంటించును. ఆ మంట చిన్న రంధ్రము గుండా గొట్టములోని మందును చేరును.

చెప్పుటకిది సులభము, చేయుట కష్టము. కమానుకు పదును హెచ్చిన విరుగును, తగ్గిన దెబ్బ చాలదు. రాయి అరిగిన రవ్వలు రాలవు. గిన్నెలో చెమ్మ చేరినను, రంధ్రమున మసి పట్టినను, రంజకము భగ్గుమనునే కాని గుండు కదలదు. పైగా ఆ కాలమున ప్రతి మరయు ఆకురాతితో చేత రాచినదే. ఒక తుపాకి ముక్క మరియొకదానికి కుదరదు. కావున వేయి తుపాకులను కొన్న రాజు వాని వెంట మరపనివారినిగూడ సంపాదింపవలెను. లేనిచో రెండు వానకాలములలో అవి దుడ్డుకర్రలగును.

టిప్పు యౌవనము దండులలోనే గడచెను. 1780 సెప్టెంబరు 10న పొల్లిలూరు యుద్ధమున బెయిలీ సేన నాశనమగుటలో ఆతని పాలు గొప్పది. 1782 డిసెంబరులో చిత్తూరు సమీపమున హైదరు మరణింపగా ముప్పదిరెండేండ్ల ప్రాయమున రాజ్యభారమును వహించెను. 1784లో మంగుళూరు సంధితో ఆ యుద్ధము ముగిసెను.

అటుపిమ్మట ఆతడు పనివారిని వెదకెను. 1787లో ఫ్రాన్సునకు రాయబారులను పంపెను. మరుసటి యేట పదునారవ లూయీ వారిని వర్సాయిలో ఆదరించెను. సేనల నొసగలేదు కాని కొందరు శిల్పులను పంపెను. శ్రీరంగపట్టణము, బెదనూరు మొదలగు చోట్ల సుల్తాను కర్మశాలలు పనిచేసెను. అచ్చటి మేలితరపు తుపాకులలో చెకుముకి రాతిని పట్టు కొక్కెము పులితలయై యుండును, గొట్టముపై పులిచారలుండును, ఆతడే నెలకొల్పిన మౌలూదీ శకపు సంవత్సరముండును. ఐరోపా మరను నేర్చిన మన కమ్మరి దానికి తన ముద్ర నట్లు వేసెను. ఇనుప గొట్టముల మైసూరు రాకెట్లో, ఐరోపావారే చూచి నేర్చుకొనవలసినవి. వాని నాధారము చేసికొని తరువాత కాంగ్రీవు ఊలిచ్చిలో తన రాకెట్లను నిర్మించెను.

ఆతని దోషములను మేము కప్పిపుచ్చము. కొడగు, మలబారు ప్రజల యెడ ఆతని కాఠిన్యము పొగడదగినది కాదు. పొరుగువారైన నైజామును, మహారాష్ట్రులను మిత్రులుగా నిలుపుకొనలేకపోయెను. వారు కంపెనీతో చేరగా 1792లో సగము రాజ్యమును, మూడు కోట్ల ముప్పది లక్షల రూపాయలను ఒప్పుకొని ఇద్దరు కొడుకులను హామీగా పంపవలసివచ్చెను. ఆతడు నెలకొల్పిన కర్మశాలలన్నియు సర్కారువే. ప్రభువు కూలినచో వానిని నిలుపు వర్తకులు గాని పట్టణసంఘములు గాని లేరు. ఒక్క కమానుపై నిలిచిన మర యెంత చక్కనిదైనను, ఆ కమాను విరిగిన మూలబడును. 1799 మే 4న శ్రీరంగపట్టణపు కోట గోడకడ సుల్తాను పోరుచు కూలెను. పులితల తుపాకులు కొల్లసొమ్మై సముద్రము దాటెను.

మరుసటి యేడు నైజాము మన సీమను కంపెనీకి దత్తము చేసెను. మన్రో దొర పాలెగాండ్ర బలమును అణచెను. 1878 ఆయుధ చట్టముతో లైసెన్సు లేని దేశీయుని చేతికి తుపాకి నిషిద్ధమయ్యెను. ఇరువదవ శతాబ్దమున వింత మరియు ముదిరెను. చేతిలో గడియ త్రిప్పి తూటా నెక్కించు లీ-ఎన్‌ఫీల్డు రైఫిలును మన పోలీసుల కిచ్చుటకు ముందు ఇషాపూరు కర్మాగారమున దాని గొట్టమును నున్నగ తొలిచి, తూటాల పెట్టెను మూసి, ఒక్కొక్క తూటాయే పట్టునట్లు చేసిరి. ఉద్యోగమిచ్చినను నమ్మిక యీయలేదని ఆ ఇనుమే చెప్పుచున్నది. మర నెరిగినవాడు దానిని బాగుచేయగలడు; కావలెనన్న కుంటిదిగను చేయగలడు.

నేడు తుపాకి ప్రభుత్వపు చేతనే యుండుట న్యాయము; దానిని మేము కోరుట లేదు. మేము కోరునది ఆ కమ్మరి విద్య. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ మూడు పట్టణములలో మగ్గమైనను, పంపైనను, మరియే యంత్రమైనను చెడినప్పుడు దాని గుట్టు విప్పగల చేయి మన ఊరిదే కావలెను. ఒక ప్రభువు కూలినను కూలని కర్మశాలలను నిలుపుటయే టిప్పు సగము చేసి విడిచిన పని. మిగిలిన సగము ప్రజలది.