రాబర్టు లా ఫాలెట్

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఉత్తర భాగమున విస్కాన్సిన్ అను రాష్ట్రము కలదు. అది అడవులకును, గోధుమ పొలములకును, పాడిపశువులకును నెలవు. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున అచటి రైతులు కష్టించి పంట పండించెడివారు. కాని ఆ పంటను సంతకు చేర్పవలెనన్న రైలు కంపెనీలు అడిగినంత కిరాయి చెల్లింపక తప్పెడిది కాదు. అడవులను నరికించిన కలప వర్తకులు కోటీశ్వరులైరి. ఈ రెండు వర్గములవారును తమ ధనబలముచే రాజకీయ పక్షములను గుప్పిట పట్టిరి. శాసనసభ్యులకు రైళ్లలో ఉచితముగా తిరుగుటకు పాసులు లభించెడివి. రైతు తన భూమిపై చెల్లించు పన్నుతో పోల్చిచూడగా, రైలు కంపెనీలు తమ ఆస్తిపై చెల్లించు పన్ను స్వల్పముగా నుండెను. ప్రజలు దీనిని గ్రహింపకపోలేదు. వారి హృదయములలో కోపము రగులుచునే యుండెను. కాని త్రోవ తెలియని కోపము వలన ప్రయోజనమేమి? ఆ కోపమునకు ధర్మమైన త్రోవ చూపినవాడు రాబర్టు మారియన్ లా ఫాలెట్.

లా ఫాలెట్ 1855వ సంవత్సరము జూన్ 14వ తేదీన ప్రింరోజు అను గ్రామప్రాంతమున ఒక రైతు కుటుంబమున జన్మించెను. ఎనిమిది నెలల ప్రాయముననే తండ్రిని గోలుపోయెను. బాల్యమునుండియు పొలముపనులు చేయుచు చదువుకొనెను. మాడిసన్ నగరమందలి విశ్వవిద్యాలయమున చేరి, బడిపిల్లలకు పాఠములు చెప్పియు, విద్యార్థుల పత్రికను నడిపియు వచ్చిన ధనముతో కాలము గడపెను. వక్తృత్వమున ఆయనకు సాటివచ్చువారు అచట లేకుండిరి. 1879లో పట్టభద్రుడై, మరుసటి సంవత్సరము న్యాయవాది అయ్యెను. తన సహాధ్యాయినియగు బెల్ కేస్‌ను వివాహమాడెను. ఆమెయు న్యాయశాస్త్రము నభ్యసించి, ఆ విశ్వవిద్యాలయపు న్యాయకళాశాలలో పట్టము పొందిన మొదటి మహిళగా ప్రసిద్ధి కెక్కెను. జీవితాంతము ఆమె ఆయనకు మంత్రివలె ఆలోచన చెప్పెను.

1880లో లా ఫాలెట్ జిల్లా ప్రభుత్వ న్యాయవాది పదవికి పోటీచేయ సంకల్పించెను. అచటి పక్షనాయకుడు అందులకు సమ్మతింపలేదు. ఆ నాయకుని అనుగ్రహము లేనివానికి పదవి దుర్లభమని అందరును తలంచిరి. లా ఫాలెట్ మాత్రము వెనుదీయక, పొలము వెంట పొలము తిరిగి, రైతులతో స్వయముగా మాటలాడి, వారి ఓట్లతో జయము పొందెను. నాయకుల గడప త్రొక్కుటకంటె ప్రజల గడప త్రొక్కుట మేలను పాఠము ఆయన ఆనాడే నేర్చెను. పిమ్మట మూడు పర్యాయములు దేశ ప్రతినిధుల సభకు ఎన్నికై, 1890లో ఓడిపోయి, మరల మాడిసన్‌లో వకీలు వృత్తి నవలంబించెను.

ఆయన జీవితమును మార్చివేసిన సంఘటన 1891లో జరిగెను. పూర్వము రాష్ట్ర కోశాధికారులుగా నున్నవారు ప్రభుత్వధనమును బ్యాంకులలో నుంచి, దానిపై వచ్చిన వడ్డీని తామే తీసికొనిరి. ఆ సొమ్మును రాబట్టుటకు ప్రభుత్వము వ్యాజ్యము తెచ్చెను. కోశాధికారులకు జామీను నిలిచినవారిలో ఫైలిటస్ సాయర్ ఒకడు. అతడు కలప వ్యాపారమున కోట్లు గడించిన ధనికుడు, సెనేటు సభ్యుడు, పక్షమునకు పెద్దదిక్కు. వ్యాజ్యమును విచారించు న్యాయాధిపతి లా ఫాలెట్‌కు బావ. సాయర్ మిల్వాకీ నగరమందలి ఒక హోటలునకు లా ఫాలెట్‌ను పిలిపించెను. తీర్పును తమకు అనుకూలముగా చేయించుటకై అతడు తనకు ధనమీయజూపెనని లా ఫాలెట్ వెల్లడించెను. తాను ఇవ్వజూపినది న్యాయవాదికి చెల్లించు రుసుమే కాని లంచము కాదని సాయర్ వాదించెను. లా ఫాలెట్ ఆ ధనమును ముట్టక వెడలిపోయి, జరిగిన దానిని న్యాయాధిపతికి తెలిపెను. న్యాయాధిపతి ఆ వ్యాజ్యమునుండి తొలగెను.

ధనము తీసికొని మిన్నకుండినచో లా ఫాలెట్ సుఖముగా పెద్దపదవులు పొందియుండెడివాడు. నిజము చెప్పినందుకు ఆయనకు దక్కినది ఒంటరితనము. పక్షపు పెద్దలు ఆయనను ద్రోహి యనిరి. పాత మిత్రులు మొగము చాటుచేసిరి. 1896లోను, 1898లోను గవర్నరు పదవికి అభ్యర్థిత్వము కోరి రెండుమారులును విఫలుడయ్యెను. ఆ కాలమున అభ్యర్థులను ప్రజలు ఎన్నుకొనెడివారు కారు. పక్షపు మహాసభలకు వచ్చు ప్రతినిధులు నిర్ణయించెడివారు. రాత్రికి రాత్రి ధనమిచ్చి ఆ ప్రతినిధులను త్రిప్పివేసిరని లా ఫాలెట్ ఆరోపించెను.

ఓటమి ఆయనకు మూలకారణమును బోధించెను. ఒక దుష్టుని తొలగించినచో వాని స్థానమున మరియొకడు వచ్చును. అభ్యర్థులను ఎంచు పద్ధతియే మారవలెను. పక్షపు అభ్యర్థులను ఓటర్లే నేరుగా ఎన్నుకొను ప్రాథమిక ఎన్నికలు కావలెనని ఆయన ఉద్ఘోషించెను. రైతుల సంతలకు పోయి, గంటల తరబడి ఉపన్యసించెను. కేవలము ఆవేశపు మాటలు కాక, పన్నుల లెక్కలను, కిరాయిల అంకెలను రైతుల ముందుంచెను. విన్నవారు తమ కష్టమునకు కారణము తెలిసికొనిరి.

1900వ సంవత్సరమున ప్రజలు ఆయనను గవర్నరుగా ఎన్నుకొనిరి. కాని శాసనసభలో కంపెనీల పక్షపాతులు ఆయన ప్రతిపాదనలను అడ్డగించిరి. అపుడు లా ఫాలెట్ సభ్యులు వేసిన ఓట్ల పట్టికను చేతబట్టి వారి నియోజకవర్గములకే పోయి, ఏ సభ్యుడు ఏ ప్రతిపాదనకు ఎటు ఓటు వేసెనో చదివి వినిపించెను. అందు నింద లేదు, అతిశయోక్తి లేదు. పట్టికయే సాక్ష్యము. తమవాడని నమ్మిన సభ్యుడు ఎవరి మేలుకై ఓటు వేసెనో రైతులు చెవులార వినిరి. అట్టివారిలో పలువురు తరువాతి ఎన్నికలలో ఓడిపోయిరి. రైలు కంపెనీల ఆస్తి విలువను బట్టి పన్ను విధించు చట్టము 1903లో వచ్చెను. ప్రాథమిక ఎన్నికల చట్టమును 1904లో ప్రజలు తమ ఓట్లతో ఆమోదించిరి. కిరాయిలను అదుపు చేయు రైల్వే కమిషను 1905లో ఏర్పడెను.

1906లో లా ఫాలెట్ సెనేటులో ప్రవేశించెను. ఆయన రైలు కంపెనీలను గూర్చి ప్రసంగింప మొదలిడగా, పలువురు సభ్యులు లేచి వెలుపలికి పోయిరి. ప్రజలు ఈ ఖాళీ ఆసనములను శాశ్వతముగా ఖాళీ చేయింపగలరని ఆయన హెచ్చరించెను. మరుసటి సంవత్సరము, అనగా 1907లో, జాతీయ ఎన్నికలలో కంపెనీలు అభ్యర్థులకును పక్షములకును విరాళములీయరాదని దేశమున చట్టమయ్యెను. న్యూయార్కు భీమా కంపెనీలు చందాదారుల సొమ్మును పక్షనిధులకిచ్చిన సంగతి 1905లో విచారణ వలన బయటపడి ప్రజలు ఆగ్రహించుట దానికొక కారణము.

ఈయనయందు లోపములు లేకపోలేదు. ఇతరులతో రాజీపడుట ఆయనకు కష్టము. 1912లో దేశాధ్యక్ష పదవికి యత్నించుచు, ఫిలడెల్ఫియాలో పత్రికాధిపతుల విందున, బడలికతో నున్న సమయమున, పత్రికలు ధనమునకు లోబడుచున్నవని అర్ధరాత్రి దాటువరకు నిందించెను. ఆ రాత్రితో ఆయన అవకాశము సన్నగిల్లెను. పట్టిక చదివి గెలిచినవాడు కోపమునకు వశుడై ఓడిపోయెను. 1917లో అమెరికా యుద్ధప్రవేశమునకు వ్యతిరేకముగా ఓటువేసిన ఆరుగురు సెనేటర్లలో ఆయన ఒకడు. అందులకు ఆయన దేశమంతట దూషణలకు గురియయ్యెను.

అయినను ఆయన తన మార్గము వీడలేదు. 1922లో ప్రభుత్వపు చమురుభూములను రహస్యముగా కంపెనీలకు కౌలుకిచ్చిన వ్యవహారముపై విచారణ జరుపవలెనని సెనేటులో తీర్మానము తెచ్చెను. ఆ విచారణ ఫలితముగా, లంచము తీసికొనిన మాజీ మంత్రికి 1929లో శిక్ష పడెను. అప్పటికి లా ఫాలెట్ జీవించి లేడు. 1924లో ఆయన స్వతంత్రముగా అధ్యక్ష పదవికి పోటీచేసి, సుమారు 48 లక్షల ఓట్లు పొందియు ఓడిపోయెను. 1925 జూన్ 18వ తేదీన వాషింగ్టన్ నగరమున కీర్తిశేషుడయ్యెను. 1957లో సెనేటు తన చరిత్రయందలి ఐదుగురు ఉత్తమ సభ్యులను ఎంచినపుడు, ఒకనాడు లేచిపోయి అవమానించిన ఆ సభయే లా ఫాలెట్‌ను వారిలో ఒకనిగా గౌరవించెను.

ధనమునకును ప్రజాస్వామ్యమునకును నడుమ పోరాటము ఆయనతో ముగియలేదు. ఎన్నికలలో కంపెనీలు స్వతంత్రముగా ధనము వ్యయము చేయుటను నిషేధింపరాదని 2010లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పగా, ఆ దేశమున ఓటర్ల ఆగ్రహము మరల చెలరేగెను.

విద్యార్థులారా! అన్యాయమును చూచి కోపించుట సులభము. ఎవరు ఏమి చేసిరో ఓపికతో తెలిసికొని, పదిమందికి తెలిపి, ఆ కోపమును ఓటుగాను చట్టముగాను మార్చుట కష్టము. లా ఫాలెట్ ఆ కష్టమైన పనిని చేసి చూపెను.