పెదనాన్న ఇంట పెరిగిన మహానటి



తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పల్లెల నుంచి హాస్టలుకు వచ్చే పిల్లల్లో అమ్మమ్మ దగ్గరో, మేనమామ ఇంట్లోనో పెరిగినవారు ఉంటారు. ఆ ఇంటికి మనం భారమేమోనన్న దిగులు వారిని వెంటాడుతూనే ఉంటుంది. అలాంటివారు తెలుసుకోవలసిన జీవితం మహానటి సావిత్రిది.

సావిత్రి 1930ల మధ్యలో గుంటూరు జిల్లా చిర్రావూరులో జన్మించారు. తల్లిదండ్రులు నిశ్శంకర గురవయ్య, సుభద్రమ్మ. సావిత్రి నెలల పసికందుగా ఉండగానే తండ్రి కన్నుమూశారు. అప్పుడు విజయవాడలో ఉన్న పెద్దమ్మ దుర్గమ్మ, పెదనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్య గార్లు ఆ కుటుంబానికి అండగా నిలిచారు. పెదనాన్న సావిత్రిని కేవలం తిండిపెట్టి ఊరుకోలేదు. బడిలో చేర్పించారు. శిష్ట్లా పూర్ణయ్యశాస్త్రి గారి వద్ద నాట్యం నేర్పించారు. సినిమా అవకాశాల కోసం మద్రాసుకు వెంటబెట్టుకుని వెళ్ళారు.

'సంసారం' (1950)లో పెద్ద వేషం చేజారి చిన్న వేషమే మిగిలింది. అయినా సావిత్రి వెనుదిరగలేదు. 'దేవదాసు' (1953), 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957) చిత్రాలతో తెలుగువారి గుండెల్లో నిలిచిపోయారు.

అయితే ఆ ఇంట అన్నీ సాఫీగా జరగలేదు. జెమినీ గణేశన్‌తో వివాహం విషయంలో పెదనాన్నతో విభేదాలు వచ్చి ఆమె ఆ ఇల్లు విడిచారు. చేరదీయడం ఎంత గొప్పదో, ఎదిగిన బిడ్డ మనసు తెలుసుకుని మసలుకోవడం అంత కష్టం.

సావిత్రి మాత్రం తన మూలాలను మరువలేదు. రేపల్లె మండలం వడ్డివారిపాలెంలో ఆమె సాయంతో వెలసిన ఉన్నత పాఠశాల ఆమె పేరుతోనే ఉంది. 1981 డిసెంబరు 26న ఆమె మరణించారు.

ఆ రోజుల్లో పిల్లలను చేరదీసిన బంధువులకు వారి మంచితనమే పెట్టుబడి. నేడు చట్టం కూడా తోడుంది. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం, తండ్రిని కోల్పోయి తల్లి దగ్గర ఉన్నవారికి, తల్లిదండ్రులిద్దరూ లేక బంధువుల దగ్గర పెరుగుతున్నవారికి, ఆదాయ పరిమితికి లోబడి నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. ఇందుకు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేసుకోవాలి. ఇంట్లో ఇబ్బంది ఎదురైతే 1098కి ఫోన్ చేయవచ్చు.

మిత్రులారా! మనల్ని పెంచినవారు తాతయ్యయినా, పిన్నమ్మయినా ఈ సంగతి వారికి చెప్పండి. కాగితాలు పూర్తి చేయడంలో మీరే సాయపడండి. వారి భుజాన బరువు కొంత తగ్గితే ఆ ఇల్లు నిలబడుతుంది, మన చదువూ నిలబడుతుంది.