ఆదోనిని ఏలిన హబ్షీ సర్దారు – సిద్దీ మసూద్ ఖాన్

ఆదోని షాహీ జామియా మస్జిద్‌లో జుమా నమాజు ముగించుకుని బయటికి వచ్చేటప్పుడు మనం చెప్పుల కోసం కిందికి చూస్తామే తప్ప, ఆ రాతి కమానుల వైపు తలెత్తి చూడం. చూసినా, వాటిని కట్టించిందెవరని అడిగే పిల్లలు తక్కువ. అడిగితే చెప్పగల పెద్దలు ఇంకా తక్కువ. ఆ మస్జిద్‌ను కట్టించింది ఢిల్లీ పాదుషా కాదు, హైదరాబాదు నవాబూ కాదు. ఆఫ్రికా ఖండంలోని హబషా దేశం మూలాలు గల ఒక సర్దారు. ఆయన పేరు సిద్దీ మసూద్ ఖాన్.

హబషా అంటే నేటి ఇథియోపియా ప్రాంతం. ఆ పేరు మన ఇళ్ళకు కొత్తది కాదు. మక్కాలో హింసలు భరించలేక తొలి ముస్లింలు కొందరు క్రీ.శ. 615 ప్రాంతంలో ఆశ్రయం కోరి వెళ్ళింది అక్కడికే. ఆ దేశపు రాజు నజాషీ వారిని శత్రువులకు అప్పగించకుండా కాపాడాడు. ఇస్లాం చరిత్రలో తొలి అజాన్ ఇచ్చిన హజ్రత్ బిలాల్ (రజి) హబ్షీ మూలాలున్నవారే. బానిసత్వం నుంచి విముక్తి పొందిన ఆ మహనీయుని పేరు మన పిల్లలకు ఎంతో ప్రేమగా పెట్టుకుంటాం. అయితే అదే హబషా నుంచి మన దక్కన్‌కు వచ్చి, ఇక్కడి మట్టిలో కలిసిపోయిన వారి సంగతి మాత్రం మరిచిపోయాం.

వారిలో ఎక్కువమంది తమ ఇష్టంతో రాలేదు. చిన్నతనంలోనే తల్లిదండ్రులకు దూరమై, ఎర్ర సముద్రపు రేవులలో చేతులు మారి, ఓడలలో పడమటి తీరానికి చేరారు. దక్కన్ సుల్తానుల కొలువులో వారికి కత్తిసాము, గుర్రపుస్వారీతో పాటు చదువు, లెక్కలు కూడా నేర్పేవారు. యజమాని చనిపోయాక స్వేచ్ఛ పొంది, తమ ప్రతిభతో సేనాపతులైన వారు అనేకులు. అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నిలబెట్టి, 1626లో చనిపోయేదాకా మొగలు సైన్యాలకు నిద్ర లేకుండా చేసిన మలిక్ అంబర్ అలా ఎదిగినవాడే. వీరినే హబ్షీలనీ, సిద్దీలనీ పిలిచేవారు.

విజయనగరం పతనమయ్యాక మన కర్నూలు సీమ క్రమంగా బీజాపూర్ ఆదిల్‌షాహీ సుల్తానుల చేతిలోకి వచ్చింది. దూరంగా ఉన్న ఈ మెట్టప్రాంతాన్ని కాపాడే పనిని వారు హబ్షీ సర్దారులకు అప్పగించారు. కర్నూలులో హంద్రీ ఒడ్డున కనిపించే గోల్ గుమ్మటం ఆ కాలపు పాలకుడు అబ్దుల్ వహాబ్ పేరుతో ముడిపడినదే. ఆ తర్వాత కర్నూలు సిద్దీ జౌహర్ వశమైంది. ఇతడు బానిసగా జీవితం ప్రారంభించి, యజమాని మరణించాక ఆయన వారసుణ్ణి పక్కకు నెట్టి జాగీరును ఆక్రమించినవాడు. సుల్తాను అతణ్ణి క్షమించి, సలాబత్ ఖాన్ అనే బిరుదునిచ్చి, 1660లో శివాజీ మీదికి పంపాడు. నెలల తరబడి పన్హాలా కోటను ముట్టడించినా, ఒక వానరాత్రి శివాజీ తప్పించుకుపోయాడు. జౌహర్ లంచం తిన్నాడేమోనని సుల్తాను అనుమానించాడు. ఆ అనుమానపు నీడలోనే కొద్దికాలానికి జౌహర్ మరణించాడు.

ఆ జౌహర్ అల్లుడే మన మసూద్ ఖాన్. మామగారి సంపదతో పాటు ఆయన పొందిన చేదు అనుభవం కూడా ఈయనకు వారసత్వంగా దక్కింది. దర్బారుకు దూరంగా ఆదోనిలో స్థిరపడి, కోటను బలపరిచారు. కొండ కింద జామియా మస్జిద్‌ను నిర్మించారు. పుస్తకాలను, చిత్రాలను సేకరించారు, చిత్రకారులను ఆదరించారు. వానలు సరిగా పడని ఈ సీమలో, బండరాళ్ళ కొండల నడుమ, ఒక సర్దారు గ్రంథాలు పోగుచేసుకుంటూ కాలం గడపడం ఆలోచించదగ్గ విషయం.

కానీ రాజకీయం ఆయనను వదలలేదు. 1672లో రెండవ అలీ ఆదిల్‌షా మరణించగా, నాలుగేళ్ళ సికందర్ గద్దెనెక్కాడు. పసివాడి పేరు మీద అధికారం చెలాయించడానికి రెండు వర్గాలు తలపడ్డాయి. హబ్షీలు, దక్కనీలు ఒక పక్క. పఠాన్ సర్దారులు మరో పక్క. దక్కన్ వ్యవహారాలు దక్కన్ వారి చేతిలోనే ఉండాలన్నది మొదటి వర్గం కోరిక. పఠాన్ల నాయకుడు బహ్లోల్ ఖాన్ 1677 చివరలో చనిపోగా, బీజాపూర్ కోట అతని అనుచరుడు జంషీద్ ఖాన్ చేతిలో ఉండిపోయింది. బాలసుల్తానుతో సహా కోటను శివాజీకి అమ్మేయడానికి అతడు బేరం పెట్టాడు.

ఈ సంగతి తెలిసిన మసూద్ ఖాన్ ఒక ఎత్తు వేశారు. తనకు జబ్బు చేసిందనీ, చనిపోయాననీ వార్త పుట్టించారు. తన శవమంటూ ఒక పల్లకీని కొంత సైన్యంతో ఆదోని దారి పట్టించారు. మిగిలిన సైనికులు కోట దగ్గరికి వెళ్ళి, దిక్కులేనివారమయ్యామని చెప్పి కొలువు అడిగారు. జంషీద్ నమ్మి లోపలికి రానిచ్చాడు. రెండు రోజులకే వారు తలుపులు తెరిచారు. చనిపోయాడనుకున్న మసూద్ ఖాన్ 1678 ఫిబ్రవరిలో బీజాపూర్ కోటలో ప్రవేశించి వజీరు అయ్యారు.

ఆయన పాలన అంతా గొప్పగా సాగిందని మనం చెప్పలేం. ఖజానా ఖాళీ. జీతాలందని పఠాన్ సైనికుల అల్లర్లు. పదవి కోసం ముందే మొగలు సేనాని దిలీర్ ఖాన్‌తో ఒప్పందం కుదుర్చుకోవలసి వచ్చింది. సుల్తాను సోదరి షహర్ బానూను మొగలు రాకుమారునికి ఇచ్చి పెళ్ళి చేయడం అందులో ఒక షరతు. 1679లో ఆ రాకుమార్తె పుట్టింటిని కాపాడాలని మొగలు శిబిరానికి వెళ్ళింది. అయినా దిలీర్ ఖాన్ దాడి మానలేదు. పరాయివారికి చనువిస్తే వారి ఆకలి తగ్గదని మసూద్ ఖాన్ ఆలస్యంగా తెలుసుకున్నారు.

అప్పుడాయన సాయం అడిగింది ఎవరినో తెలుసా? తన మామ ఒకనాడు ముట్టడించిన శివాజీనే. శివాజీ పదివేల గుర్రపుదళాన్ని, ఎద్దుల మీద ఆహారధాన్యాలను పంపించి, మొగలు భూములపై దాడులు చేశాడు. దిలీర్ ఖాన్ వెనుదిరిగాడు. దక్కన్‌ను కాపాడుకోవడానికి హబ్షీ సర్దారు, మరాఠా రాజు ఒకటయ్యారు. ఆనాటి యుద్ధాలను మతాల మధ్య పోరుగా మాత్రమే చూసేవారు ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి.

వర్గపోరుతో విసిగిన మసూద్ ఖాన్ 1683లో పదవి వదులుకుని ఆదోనికి తిరిగివచ్చారు. 1686 సెప్టెంబరులో బీజాపూర్, మరుసటి ఏడు అదే నెలలో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాయి. రెండు రాజ్యాలు పోయినా వృద్ధుడైన మసూద్ ఖాన్ ఆదోనిలో తలవంచలేదు. 1688లో సేనాని ఫిరోజ్ జంగ్ పెద్ద సైన్యంతో వచ్చి ముట్టడి వేశాడు. తర్వాతి కాలంలో హైదరాబాదు తొలి నిజాం అయిన వాని తండ్రి ఇతడే.

కోట గట్టిది. కొండమీదికి ఫిరంగిగుండ్లు చేరడం కష్టం. తరతరాలుగా ఆదోనిలో చెప్పుకునే కథ ఇక్కడిదే. మసూద్ ఖాన్ ప్రాణం ఎక్కడుందో గ్రహించిన మొగలు సేనాని, ఫిరంగుల మూతులను కోట మీది నుంచి మళ్ళించి జామియా మస్జిద్ వైపు తిప్పించాడట. కొండ మీద నుంచి అది చూసిన వృద్ధుని గుండె కలుక్కుమంది. కోట పోతే తన అధికారం పోతుంది. మస్జిద్ పోతే ఊరి ఇబాదత్ స్థలం పోతుంది. ఆయన మస్జిద్‌నే ఎంచుకున్నారని పెద్దలు చెబుతారు. ఆ ఏడాది ఆగస్టులో ఆదోని మొగలుల వశమైందన్నది మాత్రం చరిత్ర రికార్డు చేసిన సత్యం. వారు ఊరికి ఇంతియాజ్‌గఢ్ అని కొత్త పేరు పెట్టారు. కొడుకులు మొగలు కొలువులో చేరినా, మసూద్ ఖాన్ ఆ దర్బారుకు దూరంగా ఉండిపోయారని చరిత్రకారులు రాశారు.

ఇంతియాజ్‌గఢ్ అనే పేరు నేడు ఎవరి నోటా వినబడదు. ఆదోని ఆదోనిగానే ఉంది. కోట శిథిలమైంది. ఆయన సేకరించిన పుస్తకాలు, చిత్రాలు ఊళ్ళో లేవు. మస్జిద్ నిలిచి ఉంది, అయిదు పూటలా అజాన్ వినిపిస్తూనే ఉంది.

ఈ జీవితం నుంచి మనం నేర్చుకోవలసింది ఏమిటి? బానిసలుగా తెచ్చిన జాతి నుంచి పాలకులు పుట్టారంటే దానికి ఆయుధం ఒక్కటే కారణం కాదు, విద్య కూడా. ఇస్లాంలో నల్లవాడి కంటే తెల్లవాడు, తెల్లవాడి కంటే నల్లవాడు గొప్పకాదని మిన్బర్ల మీద నుంచి ఎన్నోసార్లు విన్నాం. కానీ పెళ్ళి సంబంధం చూసేటప్పుడు పిల్ల రంగు గురించే ముందుగా అడుగుతాం. నల్లగా ఉన్న పిల్లవాణ్ణి బడిలో తోటివారు హబ్షీ అని వెక్కిరిస్తే నవ్వి ఊరుకుంటాం. ఆ మాట మన ఊళ్ళో మస్జిద్ కట్టించిన వారి ఇంటిపేరు వంటిదని ఆ పిల్లవాడికి చెప్పేవారేరీ?

అందుకే ఈసారి ఆదోని వెళితే పిల్లలను వెంట తీసుకువెళ్దాం. నమాజు అయ్యాక తొందరపడి బయటికి రాకుండా, ఆ కమానుల కింద కాసేపు కూర్చోబెట్టి, ఈ కథ చెబుదాం. ఒక మనిషి కోటను వదులుకుని దేన్ని మిగిల్చి వెళ్ళాడో వారు కళ్ళారా చూస్తారు.