లోకాలకి వియ్యం కలిపిన బందరు విద్యార్థి

పోయిన సెమిస్టర్‌లో, పటమటలో మా రూమ్‌లో ఒక ఆట మధ్యలో ఆగిపోయింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ తరహా ఆట. ఐదుగురం ఆడేవాళ్ళం, కథ నడిపేది నేను. ఒకడి పాత్ర నాగలోకం నుంచి వచ్చింది. ఇంకొకడిది నార్స్ వీరుడు. మూడోవాడు అరేబియా జిన్నీని వెంటబెట్టుకొచ్చాడు. ఒక యుద్ధంలో నార్స్ వీరుడు చచ్చాడు. వాణ్ణి యముడు తీసుకుపోవాలా, వల్‌హల్లాకి పంపాలా? గొడవ అక్కడ మొదలైంది. 1974లో పుట్టిన అసలు ఆటకి కూడా ఈ చిక్కు తప్పలేదు. 1994లో ప్లేన్‌స్కేప్ అని తెచ్చి, అన్ని లోకాలకీ తలుపులున్న ఊరొకటి మధ్యలో పెట్టారు. నేనూ అలాగే ఒక పెద్ద చార్ట్ గీశాను. చార్ట్ బాగుంది. ఆడేవాళ్ళే లేచిపోయారు.

ఆ సెలవుల్లో ఇంటికెళ్తే అమ్మమ్మ టీవీలో మాయాబజార్ చూస్తోంది. ఎన్నోసారో లెక్కలేదు. నేను మాత్రం ఆ రోజే మొదటిసారి, రచన అన్న చోట ఉన్న పేరు ఆగి చదివాను. పింగళి నాగేంద్రరావు.

ఆయన 1901 డిసెంబర్ 29న బొబ్బిలి దగ్గర రాజాంలో పుట్టారు. చదువు మాత్రం మన బందరులోనే. మా రూమ్ ముందు బస్సెక్కి బందరు రోడ్డు పట్టుకుని చివరిదాకా పోతే వచ్చే ఊరు. కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, పట్టాభి సీతారామయ్య గారు కలిసి 1910లో పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ఆయన చదివింది ఏమిటో తెలుసా? మెకానికల్ ఇంజనీరింగ్! మా బ్రాంచ్ వాళ్ళు ఇక్కడ కాసేపు కాలర్ ఎగరేసుకోవచ్చు.

తర్వాత ఖరగ్‌పూర్ వెళ్ళి బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగం చేశారు. ఎక్కువ కాలం నిలవలేదు. కానీ బెంగాలీ వంటబట్టింది. ద్విజేంద్రలాల్ రాయ్ నాటకాలని తెలుగులోకి తెచ్చారు. తిరిగి బందరు వచ్చి కృష్ణాపత్రికలో పనిచేశారు, అక్కడి నాటక సమాజానికి జేబున్నీసా, వింధ్యరాణి లాంటి నాటకాలు రాశారు. సినిమాల్లోకి 1941లో భలే పెళ్లితో వెళ్ళారు. అది కలిసిరాలేదు. వింధ్యరాణి సినిమాగా వచ్చేసరికి 1948. అంటే సినిమా ఆయన్ని సరిగ్గా పట్టించుకునేసరికి యాభైకి దగ్గరపడ్డారు. ఇరవై ఏళ్ళకే కెరీర్ అయిపోయిందని ఏడ్చే మన బ్యాచ్ ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

1949లో కె.వి.రెడ్డి గారి గుణసుందరి కథ. దాని వెనక ఉన్నది షేక్‌స్పియర్ కింగ్ లియర్. ముగ్గురు కూతుళ్ళు, తండ్రి కోపం వరకూ అదే. కానీ అక్కడ విషాదంతో ముగిసేది ఇక్కడ శాపం, శాపవిమోచనం, మహేంద్రమణి కోసం ముగ్గురు అల్లుళ్ళ ప్రయాణం అయింది. లియర్ రాజు కాస్తా మామగారయ్యాడు!

1951లో పాతాళ భైరవి. కాశీ మజిలీ కథల వాసన ఉంది, అల్లావుద్దీన్ కథా ఉంది. ఇక్కడే నాకు చెంప ఛెళ్ళుమంది. మా వాడిలా జిన్నీని జిన్నీగానే పట్టుకురాలేదు పింగళి. మన ఊళ్ళో అడిగింది ఇచ్చేది ఎవరు అని చూసుకున్నారు. శక్తి. అయితే శక్తి ఊరికే ఇవ్వదు, బలి అడుగుతుంది. దీపం స్థానంలో భైరవి ప్రతిమ వచ్చింది, మాయగాడి స్థానంలో నేపాళ మాంత్రికుడు వచ్చాడు, బలి కోసం తెచ్చిన తోట రాముడు ఆ మాంత్రికుణ్ణే బలిచ్చాడు. ఆ ప్రతిమకి మంచీ చెడూ లేవు, ఎవరి చేతిలో ఉంటే వాడి మాటే వింటుంది. సంజీవనితో లేచొచ్చిన మాంత్రికుడికీ అంతే విధేయంగా పనిచేస్తుంది. అతని శక్తి గడ్డంలో ఉంది, గడ్డం గీయించుకుంటే పోయింది. నియమం ఒకసారి పెట్టాక రచయిత కూడా దాటలేదు. మెషిన్ డిజైన్ చదివిన బుర్ర అనిపిస్తుంది నాకు (మా ప్రొఫెసర్ ఒప్పుకోరు).

1957లో మాయాబజార్. శశిరేఖ పెళ్ళి కథ వ్యాసభారతంలో లేదు. అయినా మనకి భారతం అంటే ముందు అదే గుర్తొస్తుంది. పాండవులు ఒక్క సీన్‌లో కూడా కనపడరు, చూశారా? ప్రియదర్శిని పేటిక తెరిస్తే ఎవరికి ప్రియమైనది వాళ్ళకి కనపడుతుంది. శశిరేఖకి అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు. రాక్షసులకీ యాదవులకీ మధ్య ద్వారాలూ చార్టులూ ఏవీ లేవు. ఘటోత్కచుడు అభిమన్యుడికి అన్న. అంతే. అన్న కాబట్టి తమ్ముడి పెళ్ళి బాధ్యత మీదేసుకున్నాడు, అసలు పెళ్ళి తన ఆశ్రమంలో చేయించాడు, తను పెళ్ళికూతురి వేషం వేశాడు. లోకాలు కలిసింది విడిదింట్లో.

1961 నాటి జగదేకవీరుని కథలో ఇది ఇంకా తేటగా ఉంటుంది. ఇంద్రుడి కూతురు, నాగరాజు కూతురు, వరుణుడి కూతురు, అగ్ని కూతురు. నాలుగు లోకాలు, నలుగురు కోడళ్ళు, ఒక మానవుడి ఇల్లు, ఒకే అత్తగారు. దాచిన చీర తిరిగి చేతికొస్తే దేవకన్య ఎగిరిపోవచ్చు, అదే ఆ లోకాల మధ్య సరిహద్దు. ఇంద్రుడు పెద్దా వరుణుడు పెద్దా అని ఎవరూ అడగరు. మనిషి అల్లుడేమిటన్న బాధ ఒక్కటే ఉంటుంది. ఆ బాధ ఎలా ఉంటుందో మన ఇళ్ళల్లో తెలియనిదా.

అన్నీ ఇలా అతికాయని అనను. 1954లో విజయా వారి చంద్రహారం ఎంత ఖర్చుపెట్టినా ఆడలేదు. చూస్తే కారణం తెలుస్తుంది, అందులో మాయ ఉంది, కొట్లాడుకునే చుట్టాలు తక్కువ.

ఇన్ని పెళ్ళిళ్ళు రాసిన మనిషి ఆజన్మ బ్రహ్మచారి. మిస్సమ్మకీ గుండమ్మ కథకీ ప్రేమ పాటలు రాసిందీ ఆయనే. 1971 మే 6న పోయారు. ఆయన రచన చేసిన చాణక్య చంద్రగుప్త 1977లో, ఆరేళ్ళ తర్వాత వచ్చింది.

మా ఆట మళ్ళీ మొదలైంది. చార్ట్ చించేశాను. నార్స్ వీరుడి శవం ఇంకా అక్కడే ఉంది, యమభటులు ఒకవైపు, వాల్కిరీలు ఒకవైపు. నాగలోకం నుంచి పినతల్లి ఒకామె వచ్చి, మా అల్లుణ్ణి ఎక్కడికి తీసుకుపోతారయ్యా అని అడ్డంగా కూర్చుంది. వాడికి మా నాగకన్యతో నిశ్చితార్థం ఎప్పుడైందో వాడికే తెలీదు. మిగతాది శనివారం.